గుర్రం సినిమాలో ఆఖరి మాట

ఎడిటింగ్ గది, మూడో అంతస్తు
జూన్ మొదట్లో

అత్తా,

ఫోన్ చేస్తే నేనేమడిగినా "ఆ, ఆ, బాగానే ఉన్నా" అని పెట్టేస్తావు. మొన్న నేనడిగింది నీ ఆరోగ్యం గురించి కాదు. చెవులకి మిషను పెట్టుకోమంటే వినవు కాబట్టి కాగితం మీదకి దిగాను. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నా. కళ్ళజోడు కనపడలేదని వంక పెట్టకు.

నాన్న గుర్రం సినిమా దొరికింది.

ఎప్పుడో మూతపడ్డ ఒక థియేటర్లో, మెట్లకింద గదిలో, రీళ్ళ డబ్బాలు బయటపడ్డాయి. తిరిగి తిరిగి చివరికి మా ఆఫీసుకే వచ్చాయి. పాత ప్రింట్లు కడిగి బాగుచేసే ఆయన, మేమందరం ప్రింటాయన అంటాం, బొమ్మని అద్దంలా చేసేశాడు. శబ్దం మాత్రం సగం చోట్ల గరగరే. అందుకని మాటలన్నీ తెర కింద అక్షరాల్లో వెయ్యాలట. ఆ పని నా నెత్తిన పడింది. ఇక్కడ ఎవరికీ నేను ఆయన కూతుర్నని తెలీదు. చెప్పలేదు.

నవ్వకుండా విను. వారం కూడా ఆడని ఆ సినిమాకి ఇప్పుడొక సంఘం ఉంది. గీతలు పడ్డ పాత ప్రింటు ఒకటి వాళ్ళ దగ్గరుంది, ఏళ్ళుగా అదే చూస్తూ లైబ్రరీ మేడ మీద కలుసుకుని కొట్టుకుంటారు. ఒకాయన పళ్ళ డాక్టరు. ఆయన లెక్కలో ఇంత గొప్ప సినిమా పుట్టలేదు, పుట్టబోదు. ఇంకొకాయన లెక్కల మేష్టారు. ఆయన లెక్కలో అది రాళ్ళ క్వారీలో టోపీలు పెట్టుకుని ఆడుకున్న ఆట. అంత చెత్తయితే ప్రతిసారీ ఎందుకొస్తారండీ అనడిగితే, "చెత్త అని చెప్పడానికి ఒకడుండాలి కదమ్మా" అన్నాడు. ఆఖరి సీను దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరూ గొంతు తగ్గిస్తారు.

నీకు గుర్తుండే ఉంటుంది. నీళ్ళులేని ఆ ఊళ్ళో రౌడీని చంపేశాక గుర్రం మనిషి వెళ్ళిపోతుంటాడు. ఊరి చివర ఒక చిన్నపిల్ల నిలబడి ఉంటుంది. ఆయన గుర్రం దిగి, పిల్ల ముందు వంగి, ఏదో అంటాడు. గాలి హోరు. ఒక్క ముక్క వినపడదు. లేచి, గుర్రమెక్కి పోతాడు. సినిమా అయిపోతుంది.

ఏమన్నాడు? డాక్టరు "క్షమించు" అంటాడు. మేష్టారు "పక్కకి తప్పుకో, గుర్రం తొక్కుతుంది" అంటాడు. అక్కడ నేనేదో ఒకటి రాయాలి. అది ఆఫీసు గొడవ, ఎలాగో పడతా. నా గొడవ వేరు. ఆ గుర్రం మనిషి నాన్న. ఆ పిల్ల నేను. ఆ తర్వాత కొన్నాళ్ళకే నాన్న ఇంట్లోంచి వెళ్ళి మళ్ళీ రాలేదు. అంటే నాతో ఆయనన్న మాటల్లో ఫిలిం మీద మిగిలింది అదొక్కటే. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ సినిమా పేరెత్తనివ్వలేదు. ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేడు. ఆ రోజు అక్కడున్నవాళ్ళలో మిగిలింది నువ్వే.

ఆయన నాతో ఏమన్నాడో చెప్పు అత్తా. నాకది కావాలి.

నీ పిచ్చుక


కుట్టు షాపు
జూన్

ఒసే పిచ్చుకా,

నీ ఉత్తరం చేరింది. గోడ మీద ప్రకటన రాసినట్టున్నాయి ఆ అక్షరాలు. నాకు పోయినవి చెవులు, కళ్ళు కాదు. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కించుకుంటాను. షాపులో ఉన్న ఇద్దరమ్మాయిలూ నాకే ఇచ్చి ఎక్కించుకుంటారు.

మీ సంఘం సంగతి చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, సరే. ఈ కాకిపిల్లని మేం కన్నాం, మాకే ముద్దు కాలేదు, మధ్యలో ఆ పళ్ళ డాక్టరుకేంటి? నేను తీసినవాళ్ళలో ఒకదాన్ని కాబట్టి చెప్తున్నా, అది బాగాలేదు. మీ నాన్నకి గుర్రం స్వారీ వచ్చు, కిందపడటం ఇంకా బాగా వచ్చు. ఏళ్ళ తరబడి హీరోల బదులు కిందపడి, ఒకసారైనా పడకుండా ఉండే వేషం వెయ్యాలనిపించి సొంతంగా తీశాడు. అదీ అసలు కథ. ఆత్మా లేదు, పరమాత్మా లేదు.

టోపీలన్నీ పాత దుప్పట్లు గంజిలో ముంచి నేను కుట్టినవే. ఎండకి గట్టిపడి ఒక్కొక్కటీ మూకుడులా అయ్యాయి, వాన పడితే ముఖం మీదకి జారాయి. గుర్రం ఒక్కటే. రౌడీ గుర్రం కావాలన్నప్పుడు దానికే నల్లరంగు పూసేవాళ్ళం. చెమట పట్టగానే రంగు కాళ్ళ మీదుగా కారిపోయేది. సినిమా సగంలో గుర్రం రంగు మారుతుంది చూడు, దానికి మీ డాక్టరు ఏం అర్థం చెప్తాడో నాకు రాయి, దర్జీ పని మధ్యలో కాస్త కాలక్షేపం.

ఆఖరి సీను సంగతి. గాలి వేశారు, గాలే ఉంది. కింద "గాలి" అని రాసెయ్. జీతమిస్తారుగా ఎలాగూ.

నువ్వు సరిగ్గా తింటున్నావా లేదా? మొన్న పంపిన ఫొటోలో మెడ ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. జాకెట్టు కొలతలు మళ్ళీ పంపు.

మీ అత్త


ఎడిటింగ్ గది
జులై

అత్తా,

గుర్రం రంగు గురించి డాక్టరు చెప్పింది ఇదిగో: "మనిషిలోని చీకటి కరిగి నేల మీదికి కారిపోతోంది." అదే ఆయన మాట, కామా కూడా మార్చలేదు. మేష్టారు ఠక్కున "అది రంగు కారడమండీ" అన్నాడు. నీ మేష్టారు గెలిచాడు, సంతోషమేనా?

ఇంకోటి. ఆఖరి సీన్లో నేల మీద, ఫ్రేము మూలన, ఒక గుండ్రటి నీడ ఉంటుంది. సంఘంలో దాన్ని మృత్యువు నీడ అంటారు. దాని మీద ఎవరో వ్యాసం కూడా రాశారు. ఇప్పుడు బొమ్మ కడిగాక చూస్తే ఆ మృత్యువుకి ఊచలున్నాయి. గొడుగు. ఎండలో నాకు గొడుగు పట్టింది ఎవరు అత్తా? ఆ మృత్యువు ఇప్పుడు కుట్టు షాపు పెట్టుకుని నా మెడ ఎముకలు లెక్కపెడుతోంది.

కాబట్టి నువ్వు నా వెనకే ఉన్నావు. అప్పట్లో నీ చెవులు బాగానే ఉండేవి. "గాలే ఉంది" అని నాకు చెప్పకు. గాలి తర్వాత కలుపుతారు, ఈ పనిలో నేను ఊరికే ఇన్నేళ్ళు గుడ్డి గుర్రాలకి పళ్ళు తోమడం లేదు. నోరు కదిలింది, మాట వచ్చింది, నువ్వు విన్నావు.

నవ్వులాటకి రాయడం లేదు ఇది. చిన్నప్పుడు బళ్ళో ఎవరైనా మీ నాన్నేడే అంటే "వచ్చేస్తానని నాతో చెప్పి వెళ్ళాడు" అనేదాన్ని. ఎవరూ నేర్పలేదు. ఆ సీను నుంచే కల్పించుకున్నాను. వంగి చెప్పింది అదే అయ్యుంటుందని. తర్వాత పెద్దయ్యాక, సినిమా ఆడలేదు, సిగ్గుపడి పని వెతుక్కుంటూ పోయాడు, దారి తప్పాడు గానీ రావాలనే ఉండేది అనుకున్నాను. ఈ రెండింటి మీదే పెరిగాను అత్తా. తండ్రి వదిలేసిన పిల్లలు ఏడ్చినట్టు నేనెప్పుడూ ఏడవలేదు, కారణం ఇదే. ఆయన నాతో ఒక మాటన్నాడు, అది నా దగ్గరుంది, అంతే.

ఇప్పుడది నిజమో కాదో తెలుసుకునే వీలు వచ్చింది. భయంగానే ఉంది. అయినా చెప్పు.

పిచ్చుక


కుట్టు షాపు
జులై ఆఖరు

పిచ్చుకా,

మొండితనం మాత్రం ఆ మనిషిదే వచ్చింది నీకు. వద్దన్న చోటే వేలు పెడతావు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. నమూనా కాగితాలు దండగ. ముక్కుసూటిగా చెప్పేస్తాను, తర్వాత నా మీద పడకు.

ఆ సినిమాలో మాటలు రాసిన ఆయన ఎప్పుడూ షూటింగుకి ఒక రోజు వెనకే ఉండేవాడు. కెమెరా పెట్టేసరికి మాట ఉండేది కాదు. ఎండ పోతుంది, ఆగలేం. అందుకని నోరు కదిలితే చాలని అందరూ అంకెలు చెప్పేవాళ్ళు. కోపమైతే కోపంగా, ఏడుపైతే ఏడుస్తూ, ఒకటి, రెండు, మూడు. తర్వాత డబ్బింగులో ఆ కదలికకి సరిపోయే మాట పెట్టేవాళ్ళు. రౌడీ చచ్చేముందు అంతసేపు శాపాలు పెడతాడే, వాడు నిజానికి ముప్ఫై నుంచి నలభై దాకా చదివాడు. మధ్యలో ముప్ఫై ఆరు మర్చిపోయాడు కూడా.

నీ ముందు వంగి మీ నాన్న చెప్పింది అంతే. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎనిమిది దాకా వచ్చాడనుకుంటా. నేను నీ వెనకే ఉన్నాను, నిజమే, విన్నాను.

"క్షమించు" లేదు, "వస్తాను" లేదు. నువ్వు బళ్ళో ఆ మాట చెప్పుకుని తిరుగుతున్నావని నాకు అప్పుడే తెలుసు. మీ అమ్మ చెప్పింది. ఇద్దరం నోరు మూసుకున్నాం. పిల్ల నిద్రపోతోంది కదా, దేనికి లేపడం అనుకున్నాం. ఇప్పుడు నువ్వే లేపమని గొడవ చేస్తే నేనేం చెయ్యను.

కోపమొస్తే రెండు తిట్లు రాసి పంపు. ఉత్తరం మాత్రం మానెయ్యకు.

అత్త


ఎడిటింగ్ గది
ఆగస్టు

అత్తా,

అంకెలు. సరే.

నిన్నంతా పని ముట్టుకోలేదు. ప్రింటాయన టీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమైందని అడక్కుండా పోయాడు. ఆయన మంచివాడు. తర్వాత కూర్చుని చూశాను. నువ్వన్నది నిజమే. మూడు దగ్గర పెదాలు కలుస్తాయి, ఎనిమిది దగ్గర కలుస్తాయి. పెదాలు చూసి మాట అతికించడమే నా బతుకు, అయినా ఇన్నేళ్ళూ నాకది కనపడలేదు. కనపడకూడదనుకున్నదాన్ని చూడలేదేమో.

నాకు నీ మీద కోపం లేదు. ఉందేమో, కొంచెం.

ఒక సందేహం మాత్రం తీర్చు. అంకెలు చెప్పిన ప్రతిచోటా తర్వాత మాట పెట్టారన్నావు. రౌడీకి శాపాలు పెట్టారు. గుర్రం నాడా కొట్టే ముసలాయనకి కూడా మాట పెట్టారు, చూశాను. ఈ ఒక్క చోటే గాలి ఎందుకు పెట్టారు? సినిమాలో ఆఖరి మాట. దానికి మాట దొరక్కపోవడమేంటి?

నీకు తెలుసు. నీ ఉత్తరం "నోరు మూసుకున్నాం" దగ్గర ఆగిపోయింది, కానీ విషయం అక్కడ ఆగలేదని నాకనిపిస్తోంది.

నీ మేనకోడలు


ఇల్లు
ఆగస్టు

పిచ్చుకా,

ఇవాళ షాపు తియ్యలేదు. ఇంట్లో కూర్చుని రాస్తున్నా.

నాకిది చెప్పాలని లేదు. చెప్పకుండా పోతే నువ్వు జన్మంతా నన్ను తవ్వుతావు, పైగా చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరన్నావు, అది నిజమే. విను.

ఆ సీనుకి మాట రాశారు. నేనే చదివి వినిపించేదాన్ని డబ్బింగులో, కాగితం పట్టుకుని మైకు పక్కన నిలబడి. ఆ మాట ఇది: "ఇక్కడే ఉండు, రేపు పొద్దున్నే వస్తాను." అంకెల కదలికకి అతికినట్టు సరిపోయింది. రాసినాయన అంత బాగా ఆ సినిమా మొత్తంలో ఇంకెక్కడా రాయలేదు.

చీకటి గది. తెర మీద ఆ ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, నటుడు చూసి పలకాలి. తిరిగింది. మీ నాన్న నోరు తెరవలేదు. మళ్ళీ తిప్పారు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ తిప్పారు. నీళ్ళడిగాడు. నేను మాట మర్చిపోయాడేమోనని మళ్ళీ చదివాను. నా వైపు చూసి, "తెలుసు, తెలుసు" అన్నాడు. తెర మీద నువ్వు ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డావు, అదే ముక్క, మళ్ళీ మళ్ళీ. చివరికి సౌండు చూసే ఆయనతో "ఇక్కడ గాలి వెయ్యండి" అన్నాడు. "మాట మీద గాలేంటండీ, మతి పోయిందా" అన్నాడాయన. "గాలే ఉండాలి" అన్నాడు మీ నాన్న.

మెట్లు దిగుతున్నప్పుడు పట్టుకున్నాను. ఒక్క మాట చెప్పడానికి ఏం రోగం అన్నయ్యా అని. "అది నా కూతురితో చెప్పే మాట. చెప్తే రావాలి" అన్నాడు. అయితే రా అన్నాను. "రాను చెల్లీ" అన్నాడు. అంత మామూలుగా, టీ వద్దన్నట్టు. వేరే చోట పని చూసుకున్నాడు, అక్కడ ఇంకో మనిషి కూడా ఉంది. సినిమా ఆడకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. అప్పటికింకా విడుదలే కాలేదు.

అంటే దారి తప్పలేదు. తెలిసే వెళ్ళాడు.

నువ్వింక ఆయన అబద్ధం చెప్పలేదని గొప్పగా చెప్పుకుంటావేమో, ఆ డాక్టరు వింటే దండవేస్తాడు కూడా. నేనొప్పుకోను. అబద్ధం చెప్పలేకపోయాడు, నిజం చెప్పే దమ్మూ లేదు, మధ్యలో గాలి వేసి పోయాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా నాకు మా అన్న మీద కోపం తగ్గలేదు. పోయాడని కబురొచ్చిన రోజు కూడా ముందు కోపమే వచ్చింది, ఏడుపు తర్వాతే వచ్చింది. ఆ సినిమా బాగాలేదని ఎందుకంటానో ఇప్పుడు తెలిసిందిగా. నిజానికి అది బాగుందో లేదో నాకు తెలీదు. ఆఖరిదాకా నేనెప్పుడూ చూడలేదు.

అత్త


మేడ మీది గది
సెప్టెంబరు

అత్తా,

ఏడ్చాను. రెండు మూడు రోజులు, స్నానాల గదిలో, బస్సులో, ఎక్కడ పడితే అక్కడ. చిన్నప్పుడు ఏడవాల్సింది వడ్డీతో సహా. ఇప్పుడు తేరుకున్నాను, కంగారు పడకు, తింటున్నాను.

ఆయన మీద కోపం వచ్చింది. మీరిద్దరూ నన్ను మోసపుచ్చి పెంచారని వచ్చింది. తర్వాత, అలా పెంచకపోతే నేనేమయ్యేదాన్నో ఆలోచించి నీ మీద కోపం వదిలేశాను. ఆయన మీదిది ఉంది. ఉండనీ.

పని గడువు దగ్గరపడుతోంది. ఆ చోట ఖాళీ వదిలేద్దామని కూర్చుని ఆఖరి సీను మళ్ళీ తిప్పాను. ఈసారి ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు. పక్కకి చూశాను. పిల్లని చూశాను.

అత్తా, పిల్ల నోరు కదులుతోంది. ఆయన వంగీ వంగకముందే. పాత ప్రింట్లో అక్కడ గీతలు, మరకలు, ఏమీ తెలిసేది కాదు. ఇప్పుడు స్పష్టంగా ఉంది. నేనే ముందు ఏదో అన్నాను. ఆ తర్వాతే ఆయన మొదలుపెట్టాడు.

ఇంతమంది ఇన్నేళ్ళు కొట్టుకున్నారే, ఒక్కరూ ఆ పిల్ల ఏమందని అడగలేదు. అందరూ ఆయన నోరే చూశారు. నేనూ ఆయన నోరే చూశాను, నాది నాకే కనపడలేదు.

నాకు ఏమీ గుర్తులేదు. కాళ్ళ కింద రాళ్ళు కాలడం గుర్తుంది, ఆయన చొక్కా వాసన గుర్తుంది. పెదాలు చూస్తే ఎన్ని మాటలైనా అల్లగలను, అదే నా పని. ఇక్కడ అల్లను. ఆయన గురించి అల్లుకున్నది చాలు.

నేనేమన్నాను?

పిచ్చుక


కుట్టు షాపు
సెప్టెంబరు

తల్లీ,

నీకు మాట లేదు ఆ సీన్లో. ఊరికే నిలబడమన్నాం. పొద్దుట్నుంచీ ఎండలో నిలబడి నిలబడి నీ ముఖం కందిపోయింది. నాకప్పుడు పాము చెవులు, అక్షరం పొల్లుపోకుండా విన్నాను.

"నాన్నా, ఇంటికి పోదాం పద" అన్నావు.

ఆయన కెమెరా ఆపమనాలి. ఆపమనలేదు. నీ ముఖంలోకి చూసి ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టాడు. నువ్వది ఆటనుకున్నావు.

ఎవరితోనూ ఇది చెప్పలేదు. మీ అమ్మతో కూడా.

అత్త


ఎడిటింగ్ గది
అక్టోబరు

అత్తా,

పని అయిపోయింది. సినిమా పంపించేశాం.

ఆఖరి సీన్లో ఆయనకి ఏమీ రాయలేదు. "గాలి" అని కూడా రాయలేదు. ఆయన చెప్పని మాట నేను చెప్పను. పిల్లకి మాత్రం రాశాను, అన్నది అన్నట్టు.

సంఘం వాళ్ళకి ముందుగా చూపించాలి, అది పద్ధతి. చూపించాం. దీపాలు వెయ్యగానే డాక్టరు లేచి నిలబడ్డాడు. "నాన్నా అంటుందా? నాన్నా అంటే మొత్తం కథ తలకిందులైపోతుంది. వచ్చినవాడు కన్నకూతురి కోసం వచ్చాడన్నమాట, చూసి కూడా వదిలేసి పోయాడన్నమాట. వీడు హీరో ఎలా అవుతాడు? మీరు నా సినిమాని పాడుచేశారు" అన్నాడు. మేష్టారు మెల్లగా, "మొదటిసారి బాగుందండీ" అన్నాడు. ఇన్నేళ్ళూ పొగిడినాయన తిడుతున్నాడు, తిట్టినాయన పొగుడుతున్నాడు. మళ్ళీ మొదలు.

డాక్టరు నా మీదకొచ్చి, "ఆధారం ఏంటమ్మా? పిల్ల అలా అందని మీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఆ పిల్ల నేనేనండీ" అన్నాను.

ప్రింటాయన ప్రొజెక్టరు ఆపడం మర్చిపోయాడు. డాక్టరు నా ముఖం కేసి చూశాడు, తెర కేసి చూశాడు, కూర్చున్నాడు. పోయేటప్పుడు నా దగ్గరికొచ్చి, తన మాటలు వెనక్కి తీసుకోనని చెప్పాడు, ఆయన మనసులో ఆ సీను పోయిందని చెప్పాడు. నేను సారీ చెప్పాను. నిజంగానే చెప్పాను, ఆయన దగ్గర్నుంచీ ఒకటి పోయింది కదా.

సినిమా గొప్పదో చెత్తదో నాకు ఇప్పటికీ తెలీదు. వచ్చే నెల మీ ఊళ్ళో కూడా వేస్తారు. నేను రాలేను, వేరే పని పడింది. నువ్వు వెళ్ళక్కర్లేదు. వెళ్తే ఆఖరిదాకా కూర్చో.

పిచ్చుక


ఇల్లు
నవంబరు

పిచ్చుకా,

వెళ్ళాను. షాపు అమ్మాయిల్లో ఒకతి తోడొచ్చింది. హాలు సగం నిండింది, ఎక్కువమంది కుర్రకారే. టోపీలు చూసి నవ్వారు. నాకు కోపం రాలేదు, నాకూ నవ్వొచ్చింది. మీ నాన్న గుర్రం మీద వస్తుంటే మాత్రం ఎవరూ నవ్వలేదు. బాగా కూర్చునేవాడు గుర్రం మీద. అది ఒప్పుకుంటాను.

ఆఖరి సీనొచ్చేసరికి లేచిపోదామని చేతిసంచీ తీసుకున్నాను. ఆఖరిదాకా కూర్చోమన్నావు కదా, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎండలో నువ్వు నిలబడి ఉన్నావు, నేను కుట్టిన గౌను, కింద మడత ఊడి వేలాడుతోంది. అప్పుడు చూసుకోలేదు. ఆయన గుర్రం దిగాడు. నువ్వు తలెత్తావు. కింద నీ మాట పడింది, తెల్లటి అక్షరాలతో. "నాన్నా, ఇంటికి పోదాం పద."

ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి. ఆయన నోరు కదుపుతున్నాడు. ఇంకేమీ పడలేదు కింద. నేను చూస్తూనే ఉన్నాను, పడుతుందేమోనని.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలీదు. బయటికొచ్చాక, రిక్షా ఎక్కించి అమ్మాయి నా చేతి మీద రాసి చూపించింది, నాకు వినపడదు కదా. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానట. నా గొంతెంత పెద్దదో నాకు తెలీదు, హాలంతా వెనక్కి తిరిగి చూసిందట.

"పద తల్లీ, పోదాం" అన్నానట.

మీ అత్త